మామయ్యకు చేరని మాటలు

మేనమామ యుద్ధం నుంచి కాళ్ళూ చేతులూ క్షేమంగానే తెచ్చుకున్నాడు. చెవులు మాత్రం అక్కడే వదిలేసి వచ్చాడు. ఫిరంగుల పక్కన నిలబడి చేసిన కొలువు అది. తిరిగొచ్చాక అక్కాబావల ఇంటి ముందుగదిలో సైకిల్ షాపు పెట్టుకున్నాడు. అక్క కూతురికి అప్పుడు ఎనిమిదేళ్ళు. బడి వదలగానే పుస్తకాల సంచి ఓ మూల పడేసి, షాపులో పాత టైర్ల దొంతర మీద ఎక్కి కూర్చునేది. వచ్చినవాళ్ళు చెప్పిందంతా చేతులు తిప్పి, పెదవులు సాగదీసి ఆయనకు తెలియజెప్పడం ఆమె పని. పట్టాళంలో కబుర్లు అందించే పెట్టె పేరు పెట్టి, ఆయన ఆమెను వైర్‌లెస్ అనేవాడు. రానురాను వీధంతా అదే పేరు ఖాయం చేసేసింది.

మామయ్యంటే ఆమెకు ప్రాణం. పెద్దయ్యాక తనూ ఫిరంగులు పేలుస్తానని అంటే, ముందు జడ వేసేదాకా కదలకుండా కూర్చోమని తల్లి మొట్టికాయ వేసింది.

అయితే వైర్‌లెస్ అన్నీ చేరవేసేది కాదు. ఎవరైనా విసుక్కుని, ఈ చెవిటిమాలోకంతో వేగలేమంటే, బండి తొందరగా కావాలట అని చెప్పేది. ఎవరూ ఏమీ అనని రోజున తనే కాస్త కల్పించేది. లెక్కల టీచరమ్మ ఆయన పనితనాన్ని తెగ మెచ్చుకుందని ఒకసారి చెప్పింది. ఆ సాయంత్రమంతా మామయ్య ఈల వేస్తూనే పని చేశాడు. ఆ ఈలకు శ్రుతీ లేదు, పాడూ లేదు.

రెండేళ్ళకు మిలిటరీ ఆసుపత్రివాళ్ళు ఆయనకు చెవి మిషన్ ఇచ్చారు. అది పెట్టుకున్న మర్నాడే పాలాయన వచ్చాడు. చెయిన్ తెగిన సైకిల్ని గోడకు ఆనించి, అలవాటు ప్రకారం అమ్మాయి వైపు తిరిగాడు.

"ఈ చెవిటాడికి కాస్త చెప్పవే, నా బేరాలు పోతున్నాయని."

మామయ్య తలెత్తాడు. "వినపడింది," అన్నాడు.

పాలాయన సైకిల్ని గోడ దగ్గర్నుంచి ముందుకు తోశాడు. మామయ్య చెయిన్ కలిపి, బిగించి పంపేశాడు. తరవాత చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ అడిగాడు.

"ఇన్నాళ్ళూ ఇలాగే అనేవాళ్ళా?"

"అందరూ కాదు," అంది ఆమె, నేల చూపులు చూస్తూ.

ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "మరి టీచరమ్మ?"

"అది నిజమే."

అది నిజం కాదు. ఆయన నమ్మాడో లేదో ఆమెకు అంతుపట్టలేదు. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అప్పట్నుంచీ షాపుకొచ్చినవాళ్ళు నేరుగా ఆయనతోనే మాట్లాడసాగారు, కాస్త నోరు దగ్గర పెట్టుకుని. ఆమె కొన్నాళ్ళు వచ్చి ఊరికే కూర్చుంది. పిల్లలు బంతాటకు పిలిస్తే ఒకరోజు వెళ్ళింది. మర్నాడూ వెళ్ళింది. ఓ సాయంత్రం మామయ్య గుమ్మంలో నిలబడి, అన్నాలవేళయిందని కేకేశాడు. వీధి చివర్నుంచి ఆమె "వస్తున్నా" అని అరిచింది. ఆయన తలూపి లోపలికి వెళ్ళిపోయాడు. అంత దూరం నుంచి తన మాట ఆయనకు అందడం ఆమె చూడలేదు ఇదివరకెప్పుడూ. బంతి వచ్చి కాళ్ళ దగ్గర ఆగినా, ఎవరో అరిచేదాకా వంగి తీయలేదు.