వెళ్ళొస్తామని అనకు

వై టూ కే గండం గడిచిన ఏడాది మేము సింగపూర్‌లో దిగాం. మా ఆయన పార్థసారథి పొద్దున్నే పాయా లేబర్‌లో ఆఫీసుకి పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. బూన్ లే ఫ్లాట్‌లో నాతో మాట్లాడే మనిషి పక్కింటి సున్‌హీ ఒక్కతే. కొరియా అమ్మాయి. ఆమె మొగుడిదీ కంప్యూటర్ ఉద్యోగమే. మా ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషు కాబట్టి తప్పులు పట్టుకునే గొడవ లేదు.

"హైమా, రేపు చుసోక్. మా పంటల పండుగ. పొద్దున్నే ఇద్దరూ రండి" అని పిలిచింది. పండుగంటే నేను ఆగుతానా? పట్టుచీర కట్టి, పూలు పెట్టి, లడ్డూల డబ్బాతో సహా మా ఆయన్ని లాక్కెళ్ళాను.

తీరా చూస్తే హాల్లో బల్ల మీద ఒక పెద్దాయన ఫోటో. పోయిన మామగారట. ఆయన ముందు అన్నం, చేప, పళ్ళు, చిన్న గిన్నెలో మందు, అగరొత్తులు. మొగుడూ పెళ్ళామూ నేలకి నుదురు ఆనించి మొక్కారు. మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు.

"ఇదేం పండగే? తద్దినంలా ఉంది!"

"ఊరుకోండి, పంటల పండగని చెప్పిందిగా."

మొక్కడం కాగానే సున్‌హీ పకపకా నవ్వుతూ ప్లేట్లు తెచ్చింది. బుల్లి కజ్జికాయల్లా మడిచి, ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి వంటకం. కొరికితే లోపల నువ్వులు! నువ్వులు కూడా వచ్చాక ఇక సందేహమేముంది? మరి ఆ నవ్వేమిటి? నేను నవ్వితే తప్పా, నవ్వకపోతే తప్పా? ఈ పట్టుచీరని ఎక్కడ దాచుకోను? మొహం సగం నవ్వుగా, సగం ఏడుపుగా పెట్టుకుని తిన్నాను. రుచి మాత్రం బాగుంది, అబద్ధమెందుకు.

"వెళ్ళొస్తామని అనకు" అన్నాడు మా ఆయన చెవిలో.

తద్దినం భోజనం చేసి ఆ మాట అనకూడదని నాకూ తెలుసు. సున్‌హీ వంటింట్లోకి వెళ్ళినప్పుడు పిల్లుల్లా బయటపడ్డాం.

అంతే, ఆమె మాట్లాడ్డం మానేసింది. లిఫ్టులో ఎదురుపడితే మొహం తిప్పుకుంది. ఉన్న ఒక్క స్నేహం అలా పోతుంటే నాకు అన్నం సయించలేదు. చివరికి వెళ్ళి తలుపు కొట్టాను.

"నా వంట బాలేదా?" అంది తలుపు తీస్తూనే, కళ్ళనిండా నీళ్ళతో.

ఇంగ్లీషు చాలక చేతులు తిప్పి చెప్పాను. పోయినవాళ్ళ పేరిట తిన్న ఇంట్లో మళ్ళీ వస్తామని మేము అనం. అంటే అలాంటి రోజు మళ్ళీ రావాలని కోరినట్టు. నీ మంచి కోసమే చెప్పకుండా వచ్చేశాం, తల్లీ.

సున్‌హీ కళ్ళు తుడుచుకుంది.

"కానీ మేము ఆయన్నే రమ్మంటాం కదా, ప్రతి ఏడూ" అంది. "ఆయన ఇంటికి వస్తాడు కాబట్టే మాకది పండుగ."

మా నాన్న పోయి రెండేళ్ళు. గోలగోలగా నవ్వే మనిషి. ఆయన తద్దినానికి రెండుసార్లూ ఏడుపు మొహంతోనే వడ్డించాను. వచ్చి చూసి ఏమనుకున్నాడో! గుమ్మంలోనే భోరుమన్నాను.

సున్‌హీ కంగారుపడి నన్ను లోపలికి లాక్కుంది. "ఏమైంది? ఏమైంది?" అని ఒకటే అడుగుతోంది. ఏం చెప్పను? నాన్న పోయినందుకు ఏడుస్తున్నానో, వచ్చినప్పుడు నవ్వనందుకు ఏడుస్తున్నానో, నాకే తెలియలేదు.