పక్కగదిలోంచి వచ్చిన మాట

నేను ఒక మాట్లాడే పెట్టెను. కనీసం నన్ను చూసినవాళ్లంతా అలాగే అనుకున్నారు. నిజానికి నా లోపల ఉన్నదల్లా ఒక స్పీకరు, ఒక మైకు, ఒక నీలం బల్బు. విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయంలో, మనిషికీ కంప్యూటరుకూ మధ్య మాటామంతీ ఎలా కుదరాలో నేర్పే పీజీ కోర్సు చదువుతున్న ఇందుమతి నన్ను ప్లైవుడ్డు ముక్కలతో తయారుచేసింది. నా అంచులు చేతికి గీరుకోకుండా గరుకు కాగితంతో రుద్ది రుద్ది నునుపు చేసింది. "ముట్టుకోవడానికి ఎవరూ జంకకూడదు" అనేది.

వేళకు మందులు గుర్తుచేసే యంత్రం ఉంటే జనం దానితో ఎలా మాట్లాడతారో తెలుసుకోవడం ఆమె పరిశోధన. అలాంటి యంత్రం తయారుచేయాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని ఆ చదువులో ఒక ఉపాయం ఉంది. నన్ను ఒక గదిలో బల్ల మీద పెడతారు. ఇందు పక్కగదిలో కూర్చుని, వచ్చినవాళ్లు నాతో అన్నది విని, జవాబు టైపు చేస్తుంది. అది నా గొంతులోంచి పలుకుతుంది. మాటలు రికార్డు చేస్తామని ముందే చెబుతారు గాని, పక్కగదిలో మనిషి ఉన్న సంగతి చెప్పరు. అది పని ముగిశాక చెప్పాలన్నది నియమం.

చాలామంది వచ్చారు. నా పేరడిగి, నవ్వుకుని వెళ్లారు. చెవిటివాళ్లతో మాట్లాడినట్టు నాతో అంత గట్టిగా ఎందుకు అరిచారో నాకు తెలియదు.

ఆ తరవాత రవణమ్మ వచ్చింది. హాస్టలు గేటు ఎదురుగా ఆమెకు కుట్టు దుకాణం ఉంది. ఇందు జాకెట్లు కూడా ఆవిడే కుడుతుంది. షుగరు మనిషి. మాత్రల గురించి కాసేపు మాట్లాడాక, తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, నా మీదకు వంగింది.

"నువ్వు మిషనువి కదా. ఎవులికీ సెప్పవు కదా?"

నాలోంచి ఒక మాట వచ్చింది.

"చెప్పను."

"నాకు సూపు ఆనడం నేదే. సూది బెజ్జం నాలికతో తడుముకుంటన్నాను. తెలిస్తే ఒక్కరు గుడ్డ ఇవ్వరు. మా ఆయనకి కూడా సెప్పనేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీకు సెప్తే గుండెల మీద బరువు దిగినట్టుంది."

ఇందు బయటికొచ్చింది గాని, చెప్పవలసిన సంగతి నోటికి రాలేదు. "థాంక్స్ పిన్నీ" అని తల దించుకుంది.

రికార్డింగు విన్న ఆమె గైడు భార్గవ సారు పొంగిపోయాడు. "ఇదేనమ్మా నీ థీసిస్! కట్టుకున్నవాడికి చెప్పనిది పెట్టెకు చెప్పింది. సెమినారులో ఇది వినిపించు, చాలు."

ఇందు సరేనంది. ఆ రోజు నుంచీ హాస్టలుకు వెనక గేటు గుండా వెళ్లసాగింది. ఒకసారి తప్పనిసరై ముందు గేటు నుంచే వచ్చి, రవణమ్మ ఒక రవిక గుడ్డను ముక్కు దాకా ఎత్తి పట్టుకుని రంగు పోల్చుకోవడం చూసింది. మర్నాడు నన్ను సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్లింది. కుట్టు మిషను పక్కన నన్ను పెట్టి, వెనక చెక్క ఊడదీసింది.

"లోపల ఏమీ లేదు పిన్నీ. ఆ రోజు మీతో మాట్లాడింది నేనే. పక్కగదిలో ఉన్నాను."

రవణమ్మ నా లోపల చెయ్యి పెట్టి తడిమింది. స్పీకరు తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నవ్వుకున్నావేటి?"

"లేదు పిన్నీ."

"ఇంకెవులు ఇన్నారు?"

"మా సారు."

ఆవిడ గోడ వైపు తిరిగి కూర్చుంది. గొంతు మాత్రం తొణకలేదు. "సెప్పనన్నాది నువ్వే కదా పాపా?"

"నేనే."

"అయితే సెప్పకు."

ఇందు అక్కడే సంచిలోని ల్యాప్‌టాప్ తెరిచి రికార్డింగు చెరిపేసింది. కళ్లాసుపత్రికి తోడొస్తానంటే, "ఆ ఊసెత్తకు" అంది రవణమ్మ.

భార్గవ సారు మండిపడ్డాడు. "ఆవిడ పేరు తీసేస్తే సరిపోయేదిగా! చేతికందిన ముద్ద నేలపాలు చేశావు."

ఇందు పరిశోధన మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి నా పక్కనే కుర్చీ వేసుకుని, "జవాబులు నేనే టైపు చేస్తానండీ" అని ముందే చెప్పింది. అందరూ పొడిపొడిగా మాట్లాడి వెళ్లారు. ఆ కాసిని మాటలతోనే థీసిస్ గట్టెక్కింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇప్పుడు నేను హాస్టలు గదిలో, ఇందు పుస్తకాల పక్కన ఉన్నాను. నా చేత అబద్ధం ఆడించినందుకు నాకు ఆమె మీద కోపం లేదు. కాని రవణమ్మ ముఖం తుడుచుకున్నది నన్ను నమ్మే కదా అన్నది మాత్రం నన్ను వదలదు.

నిన్న ఇందు కొత్త జాకెట్టు తెచ్చుకుంది. రవణమ్మ తనంతట తనే భర్తకు చెప్పి, కంటి ఆపరేషను చేయించుకుని, మళ్లీ దుకాణం తెరిచిందట. అదే గదిలో ఉండే సుగుణ ఆ కుట్టు చూసి మెచ్చుకుంది.

"ఆవిడ దగ్గరికెళ్తే కబుర్లలో పడి అన్నం వేళకు కూడా వచ్చేదానివి కాదు. ఇవాళ ఇట్టే వచ్చేశావే? ఏమంది?"

ఇందు జాకెట్టు మడతపెట్టింది.

"మెడ లోతు సరిపోయిందా అని అడిగింది."