ఎడమవైపు బాక్సు

మా బావ ముందుపళ్లు రెండు ఊడాయి, నేను బిగించిన స్పీకరు మూలకి తగిలి. ఆ బాక్సు ఇప్పటికీ ఆ గోడకే ఉంది, ఒక్క మర కూడా కదల్లేదు. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ నేను బిగిస్తే అలాగే ఉంటుంది. ఆయన తల పట్టుకుని దానికేసి కొట్టింది మాత్రం నేను కాదు. ఆ అదృష్టం నాకు దక్కలేదని ఈ రోజుకీ కడుపు మండుతూనే ఉంది.

నాది స్పీకర్ల షాపు. ఆ రోజు బావా అక్కా కలిసే వచ్చారు. వాళ్లింటి వెనక బండలు పరిచిన వసారా ఒకటుంది, సగానికే కప్పు. అక్కడికి స్పీకర్లు కావాలన్నాడు బావ. ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో అధికారి. గట్టిగా తుమ్మినా పక్కవాళ్లకి సారీ చెప్పే రకం. నలుగురిలో నోట్లో నాలుక లేనట్టుండేవాడు. నాకేమో ముక్కు మీద కోపం. మా అమ్మ నన్ను దెప్పాలనుకున్నప్పుడల్లా ఆయన్ని చూపించి, "నేర్చుకో, మనిషంటే అలా ఉండాలి" అనేది.

"వానకి తడిసినా ఏం కాకూడదోయ్. సౌండు మాత్రం గట్టిగా ఉండాలి" అన్నాడు బావ.

సొంత బావ అడిగితే నాకు ఆగుతుందా. డబ్బా మీద రెండంకెలుంటాయనీ, మొదటిది దుమ్ము సంగతి, రెండోది నీళ్ల సంగతి చెబుతుందనీ, రెండోది అయిదు కన్నా తక్కువైతే ఆరుబయట పెట్టకూడదనీ పాఠం మొదలుపెట్టాను. ఇనుప జాలీ అయితే తుప్పు పడుతుంది, అల్యూమినియం తీసుకోమన్నాను. ఆ పైన నా సర్కస్ కూడా చూపించాను. పాట పాడుతున్న బాక్సుని టబ్బులో పెట్టి, దాని నెత్తిన బకెట్టు నీళ్లు కుమ్మరించడం. పాట ఆగలేదు. కస్టమర్లు ఎప్పుడూ ఇక్కడే పడిపోతారు. బావ చప్పట్లు కొట్టాడు.

అక్క మాత్రం జాలీలోంచి కారుతున్న నీళ్లనే చూస్తూ, "వానకి పాడైపోయేవి లేవురా?" అని అడిగింది.

నేను పగలబడి నవ్వాను. "అలాంటివి అమ్మితే జనం నన్ను షాపులోనే పాతేస్తారక్కా." బావ కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

నాకో అలవాటుంది. జత అమ్మే ముందు కస్టమర్ని మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంటాను. ఒకావిడ ఒంటరిగా పాడే పాట పెట్టి, ఆవిడ ఎక్కడ నిలబడి పాడుతోందో వేలుతో చూపించమంటాను. వేలు తిన్నగా ముందుకి చూపిస్తే రెండు బాక్సులూ సమానంగా ఉన్నట్టు. పక్కకి పోతే ఏదో ఒకటి తేడా. పదిహేనేళ్లుగా ఈ పద్ధతి నన్ను మోసం చెయ్యలేదు.

అక్కని కూర్చోబెట్టాను. పాట పెట్టాను. వేలు నేరుగా కుడివైపుకి పోయింది.

ఎడమ బాక్సు డల్‌గా ఉందనుకుని మార్చాను. మళ్లీ కుడివైపే. వైరు మార్చాను. కుడివైపే. ఇంకో బాక్సు, ఆ తర్వాత ఇంకోటి. నా చెవికి అన్నీ బాగానే ఉన్నాయి, కానీ కూర్చున్నవాళ్ల చెవే నాకు ప్రమాణం. మూడు కొత్త బాక్సులు పాడైపోయినవని పక్కన పెట్టి, రిపేరు షాపుకి పంపించాలని చీటీ అంటించాను. "అక్కా, నాకు కుడీ ఎడమా నేర్పింది నువ్వు. నువ్వే మర్చిపోతే ఎలా?" అని ఆటపట్టించాను. అక్క కళ్లు తెరిచి నా వైపు కాదు, బావ వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను. వాళ్లకి ఆలస్యమవుతోంది కాబోలు అనుకున్నాను.

"దాని సంగతి ఎప్పుడూ అంతేలే. నాలుగోది ప్యాక్ చెయ్యి" అన్నాడు బావ.

రెండ్రోజుల తర్వాత వెళ్లి బిగించాను. స్పీకర్ల మొహం కూర్చునేవాళ్ల వైపుండాలి, వీపు పక్కింటి వైపుండాలి. ఈ పనిలో మొదట నేర్చుకునేది అదే. బావ వద్దన్నాడు. ఒకటి పక్కింటి గోడ వైపు, ఇంకోటి వీధి వైపు తిప్పమన్నాడు. "పక్కావిడకి పాటలంటే ప్రాణంలే" అన్నాడు. ఇంకెవరైనా అయితే నిచ్చెన మీదే వాదన పెట్టుకునేవాణ్ణి. బావ కదా అని నోరు మూసుకుని తిప్పాను. నీళ్లు నిలవకుండా కాస్త కిందికి వంచి, ఒక్కోదానికి ఆరేసి మరలు గోడలోకి దించాను. ఎడమవైపు గోడ పొట్టిది కాబట్టి అక్కడి బాక్సు మొహమెత్తులోనే పెట్టాల్సొచ్చింది. అక్క టీ తెచ్చి ఇచ్చి నిచ్చెన కింద నిలబడింది.

"ఎన్నాళ్లు పనిచేస్తాయిరా ఇవి?"

"పదేళ్లకి నాదీ పూచీ" అన్నాను. బావ నా భుజం తట్టాడు. అక్క ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికెళ్లింది.

పన్నెండు రోజులు గడిచాయి. ఒక సాయంత్రం, జోరున వాన, బావ వాళ్ల పక్కింటి టీచరమ్మ గొడుగు విదిలించుకుంటూ షాపులోకి వచ్చింది. రిటైరైన మనిషి, ఒక్కతే ఉంటుంది. గోడకి బిగించేటప్పుడు నన్ను చూసిందట.

"బాబూ, ఆ పెట్టెల్ని అటువైపన్నా తిప్పు, గొంతన్నా తగ్గించు. నా కిటికీ అద్దాలు గజగజలాడుతున్నాయి" అంది. "పాటలంటే నాకేం కోపం లేదు. కానీ సగం పాట మామూలుగా ఉండి, ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడేలా పెరుగుతుంది. పది నిమిషాలు. మళ్లీ చప్పున ఆగిపోతుంది. ఇదేం వినడం?"

నేను బిగించిన ప్రతి యాంప్లిఫయరూ మొదటి నెల నా ఫోనుకి కలిపి ఉంటుంది. చిన్న చిన్న సవరణలకి మాటిమాటికీ ఇంటికి పోనక్కర్లేకుండా అదో ఏర్పాటు. ఎప్పుడు ఎంత సౌండు పెట్టారో గీత గీసినట్టు కనిపిస్తుంది. తగ్గిద్దామని తెరిచాను. టీచరమ్మ చెప్పింది అక్షరాలా నిజం. గీత నేల మీద పాకుతూ పాకుతూ ఒక్కసారి ఆకాశానికి లేచింది. ఎనిమిది నిమిషాలు. పన్నెండు నిమిషాలు. పన్నెండు రోజుల్లో తొమ్మిదిసార్లు. పాట నచ్చినవాడు పాట మొదట్లో పెంచుతాడు. ఇది ఎక్కడబడితే అక్కడ లేచింది.

అంతలో రిపేరు షాపు ముసలాయన తన ఆటోలో వచ్చి నా మూడు బాక్సుల్నీ బల్ల మీద పెట్టాడు. "మూడూ లక్షణంగా ఉన్నాయి. నువ్వు నాకు పనీ పాటా లేదనుకున్నావా? తేడా బాక్సులో లేదు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఎడమ చెవి పనిచెయ్యదు, పోయి చూసుకో" అన్నాడు.

మా అక్కకి రెండు చెవులూ పాము చెవులు. చిన్నప్పుడు నేను వంటింట్లో డబ్బా మూత తీస్తే మేడ మీంచి అరిచేది.

కిందటేడు బాత్‌రూమ్‌లో జారిపడిందన్నారు. ఎడమ దవడ వాచిపోయి ఉంటే, "కళ్లు నెత్తిన పెట్టుకుని నడుస్తావా" అని జోకు వేశాను. అంతకుముందు మణికట్టు విరిగితే తలుపు సందులో పడిందన్నారు. అదీ నమ్మాను. ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకునేది. అదీ చూశాను. ధ్వనిలో వెంట్రుకంత తేడా పట్టేస్తానని బోర్డు మీద రాయించుకున్నవాణ్ణి, నా అక్క చెవి పోతే మూడు బాక్సులు మార్చాను.

చేతిలో ఫోను ఉంది. నేను చూస్తుండగానే గీత లేచింది.

బయట వాన దంచుతోంది. ఆ వానలో, సగం కప్పు లేని వసారాలో కూర్చుని పాటలు వినేవాడు ఎవడు?

"అమ్మా, బండెక్కండి" అన్నాను టీచరమ్మతో. నా మొహం చూసి ఆవిడ వెంటనే ఎక్కింది. వాళ్ల వీధి నాలుగు నిమిషాల దూరం. రెండు నిమిషాల్లో పోయాను. షాపులోంచే పాట ఆపెయ్యొచ్చు, వేలు దాని మీదే ఉంది. కానీ దగ్గర్లో మనిషి లేకుండా ఆపితే ఆయనకి ఒళ్లు మండి ఇంకా ఎక్కువ చేస్తాడని భయం. ఆ రెండు నిమిషాలూ అక్క చచ్చిపోతుందనే అనుకున్నాను.

పక్క గేటు తీసి వసారాలోకి వెళ్లాం. కుర్చీల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. మనిషి లేడు. నేను బిగించిన రెండు బాక్సులూ వానలో తడుస్తూ, నేను మాటిచ్చినట్టే, గొంతు చించుకుని పాడుతున్నాయి.

ఫోను మీద వేలు నొక్కాను. పాట ఆగింది.

మొదట వాన చప్పుడు. తర్వాత అద్దాల తలుపు వెనకనుంచి తోలు బెల్టు చప్పుడు, ఒకటి, రెండు. పాట ఆగిందని చెయ్యి ఆగేలోపు పడ్డ దెబ్బలవి. వాటి మధ్య అక్క గొంతు. ఏడుపు కాదది. ఊపిరి పీల్చుకోవడానికి కూడా చోటు దొరకని చప్పుడు. నా పక్కన టీచరమ్మ గొడుగు కింద పడేసింది. ఎదురింటి వాకిట్లోకి ఎవరో వచ్చారు.

తలుపు తెరుచుకుంది. బావ. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, బెల్టు కొస గుప్పిట చుట్టూ రెండు చుట్లు చుట్టి ఉంది. మొహం మామూలుగానే ఉంది, తుమ్మి సారీ చెప్పే మొహం. నన్ను చూశాడు.

"ఏమోయ్, ఆగిపోయింది చూడు. పదేళ్లన్నావుగా" అన్నాడు.

నేను ఆయన మీద పడ్డాను. కొట్టాననుకుంటారేమో. రెండు గుద్దులు తగిలాయి నావి, ఒకటి చెంప మీద, ఒకటి మెడ మీద. ఆయనకి అలవాటైన చెయ్యి, నాకు అరవడమే అలవాటు. నా జుట్టు పట్టి బండల మీద తల కొట్టాడు. కంట్లోకి నెత్తురు దిగింది. మోకాలు నా వీపు మీద పెట్టి బెల్టు మెడకి వేశాడు. ఒక్క తిట్టు లేదు, ఒక్క కేక లేదు. ఆఫీసులో కాగితాలు సర్దుకున్నంత నిమ్మళంగా బిగిస్తున్నాడు. అది చూశాక అర్థమైంది, అక్క ఇన్నేళ్లూ దేనితో కాపురం చేసిందో. టీచరమ్మ ఆయన వీపు మీద గొడుగు విరిగేదాకా కొట్టిందట. నాకు తెలీదు, నాకు చెవుల్లో హోరు తప్ప ఏం లేదు.

ఉన్నట్టుండి మెడ వదులైంది. తల తిప్పి చూస్తే అక్క. పెదవి చీలి ఉంది, ఒక కన్ను మూసుకుపోయింది, జాకెట్టు భుజం దగ్గర చిరిగి ఎర్రటి చారలు. రెండు చేతులతో ఆయన జుట్టు వెనకనుంచి పట్టుకుని పైకి లేపింది. గోడ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన తడి బండల మీద కాళ్లు జారుతూ వెళ్లాడు. ఎడమవైపు బాక్సు మూలకి మొహం పెట్టి కొట్టింది. ఒకసారి. పళ్లు జాలీ మీంచి కిందికి రాలిన చప్పుడు విన్నాను. రెండోసారి ముక్కు. మూడోసారికి టీచరమ్మ ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగింది.

"చాలమ్మా, చచ్చిపోతాడు" అంది.

"చావనివ్వండి" అంది అక్క. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆయన చావలేదు. గోడకి చేరగిలబడి, నోరు అరచేత్తో మూసుకుని, వాకిట్లో పోగైన జనాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఒంటి మీది దెబ్బల కన్నా ఆ చూపులే ఎక్కువ నొప్పిగా ఉన్నట్టున్నాయి ఆయనకి. పోలీసులొచ్చి అడిగితే నేనే కొట్టానని చెప్పబోయాను. అక్క చెయ్యి అడ్డం పెట్టి, "నేను" అంది. ఎందుకని అడిగారు. వాళ్ల ముందే వీపు వాళ్ల వైపు తిప్పి నిలబడింది. ఆ తర్వాత వాళ్లు ఆయన్ని జీపెక్కించారు.

ఆస్పత్రి బండి వచ్చేదాకా టీచరమ్మ అరుగు మీద కూర్చున్నాం. ఆవిడ మా ఇద్దరికీ తువ్వాళ్లు ఇచ్చి, నీళ్లు తేవడానికి లోపలికెళ్లింది. వాన తగ్గింది. అక్క గోళ్లలో ఆయన వెంట్రుకలు ఉన్నాయి. పక్కనే నేను. షాపులో నవ్వినందుకు, జోకులేసినందుకు, మూడు బాక్సులు మార్చినందుకు, ఆ రెండింటినీ నా చేతుల్తో గోడకి బిగించినందుకు, అన్నీ కలిపి చెప్పేశాను. తల వంచుకుని, ఏడుస్తూ, ఒక్క మాట దాచకుండా చెప్పాను. క్షమించమన్నాను.

అక్క పలకలేదు. కోపం కాబోలు, ఉండాల్సిందే అనుకున్నాను. తలెత్తి చూశాను. వీధిలోకి చూస్తూ కూర్చుంది, నేను నోరు విప్పినట్టే తెలీదు ఆమెకి.

నేను కూర్చుంది ఆమె ఎడమవైపు.

లేచి, ఆమె ముందునుంచి తిరిగి వెళ్లి కుడివైపు కూర్చున్నాను. అక్క నా వైపు తిరిగి, "ఏంట్రా?" అంది.