యూనిఫాం వేసుకుంటే టీచర్

కొత్త యూనిఫాం కాలరు కాలిపోకుండా తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తోందామె. కూతురిని సర్కారు బడి మాన్పించి ప్రైవేటు బడిలో వేస్తున్నట్టు భర్త నిన్న భోజనాల దగ్గర చెప్పాడు. అడగలేదు, కూరలో ఉప్పు తక్కువైందన్నంత తేలిగ్గా చెప్పాడు. వోచరొచ్చింది, ప్రభుత్వమే ఫీజు కడుతుంటే కాలదన్నుకుంటామా అన్నాడు. ఇన్నాళ్లకు మనవరాలు మనుషుల్లో పడుతోందని అత్తగారు మురిసిపోయింది.

ఆ సర్కారు బడిలో టీచరు ఆమే. పిల్ల ఎటు పోతే ప్రభుత్వం సొమ్మూ అటే పోతుంది, అదీ వోచరు మాయ. వెళ్లగలిగినవాళ్లంతా వెళ్లిపోగా, బస్సు చార్జీలకు కూడా గతిలేని ఇళ్ల పిల్లలే మిగిలారు. ఇంకొక్కరు తగ్గినా బడికి తాళమేనని పై అధికారి తేల్చేశాడు. అందుకే సాయంత్రాలు చెప్పులరిగేలా ఇల్లిల్లూ తిరుగుతోంది, తిరిగొచ్చి వంటగదిలో పడుతోంది. గుమ్మంలో ప్రతి తల్లీ అడిగేది ఒకటే: మరి మీ పాప ఎక్కడ చదువుతోంది, టీచరమ్మా? నా క్లాసులోనే అంటే చాలు, ఆ తల్లి మెత్తబడేది. ఇక ఏ మొహం పెట్టుకుని తిరగాలి?

అలాగని తన బడి స్వర్గమనీ అనుకోదు. ఒకే గదిలో రెండు తరగతులు, వానొస్తే పుస్తకాలు బల్లల కిందికి. నిన్న కూతురు టై కట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే తనకూ ముచ్చటేసింది. ఆ ముచ్చటకు తనను తానే తిట్టుకుంది. "నీ జీతానికేం ఢోకా? ఇంకో బడికి వేస్తారు" అన్నాడు భర్త. ఆ మిగిలిన పిల్లల్ని ఎక్కడికి వేస్తారో చెప్పలేదు.

తల్లీకూతుళ్ల మధ్య ఒక ఒప్పందముంది. యూనిఫాం వేసుకుంటే టీచర్, విప్పేస్తే అమ్మ. బడిలో గారాలు పోకుండా ఆమే పెట్టింది.

పిల్ల కొత్త బట్టలేసుకుని దువ్వెన పట్టుకొచ్చి, అలవాటుగా, "టీచర్, జడ వేస్తారా?" అంది.

బూట్లు తొడుక్కుంటున్న భర్త పగలబడి నవ్వాడు. "ఇక టీచర్ కాదమ్మా, ఇది వేరే బడి యూనిఫాం. ఇవాళ్టినుంచి నీకు ఒట్టి అమ్మే."

జడ అల్లుతున్న చేతులు ఆగిపోయాయి.

"అమ్మనే" అందామె. "ఆ అమ్మనైనా ఒక్కమాట అడిగారా?"

ఆయన బయటికెళ్లి బండి హారన్ కొట్టాడు. ఆమె కూతురి మెళ్లో టై విప్పేసి, తీగ మీద ఇంకా తడిగా ఉన్న పాత యూనిఫాం అందుకుంది. ఇస్త్రీపెట్టె వేడిగానే ఉంది.