గోడ మీది సిస్టరమ్మ

చదివేవాళ్లకు ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై ఐదేళ్లు దాటాక, మనవరాలి పలక మీద. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా చేతికి లొంగవు. ఈ కాసిన్ని కాగితాలు రాయడానికి ఒక వానాకాలమంతా పట్టింది. తప్పులుంటే మన్నించి, దిద్దుకొని చదవండి.

*

సంత రోజు కావడంతో పదింటికే దవాఖానాలో ఆరు మంచాలూ నిండిపోయాయి. మంచం దొరకనివాళ్లకు వరండాలో బెంచీల మీదే సెలైన్లు ఎక్కుతున్నాయి. దేవక్క ఒక ముసలాయన కక్కినచోట బూడిద చల్లి ఎత్తేసి, చేతులు కడుక్కొని, అవే చేతులతో పక్క మంచం మీది పడుచుపిల్లకు నరం వెతికి సూది గుచ్చింది. ఆ వెంటనే మళ్లీ చీపురు అందుకుంది. తొమ్మిదేళ్లుగా ఆమె పని ఇదే. జీతం నెలకు ఆరు వేలు. కాగితం మీద ఆయా, మంచం దగ్గర సిస్టరమ్మ.

అసలు సిస్టరమ్మ గోడ మీద ఉంటుంది. యజమాని కిషన్‌రావు కుర్చీ వెనక, అద్దం బిగించిన సర్టిఫికెట్టులో. దాని మీద ఒక ఫోటో, ప్రతిభ అనే పేరు, ఒక నెంబరు. ప్రతిభ ఇదే తాలూకాలోని బామ్ని ఊరి పిల్లే. నర్సు చదువు చదివి, చంద్రపూర్‌లో కాపురం పెట్టి, అక్కడే ఒక పెద్దాసుపత్రిలో పనిచేస్తోంది. గోదావరి ఒడ్డున, మహారాష్ట్ర వైపున్న ఈ సిరొంచ దవాఖానాలో ఉండేది ఆమె కాగితం ఒక్కటే. దానికి కిరాయి నాలుగు వేలు. నెలకోసారి వచ్చి ఆ పైసలు తీసుకొని, మందుల రిజిస్టరులో రాబోయే నెల ఖాళీ పేజీలన్నింటి కిందా సంతకాలు పెట్టి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయేది. ఆ సంతకాల పైన కిషన్‌రావు తనకు కావలసింది నింపుకునేవాడు. డాక్టరు వారానికి రెండు రోజులు మంచిర్యాల నుంచి వస్తాడు. మిగిలిన ఐదు రోజులూ కిషన్‌రావు చెప్పడం, దేవక్క సూది వేయడం.

ఒకసారి ఆ అద్దం తుడుస్తూ దేవక్క అడిగింది.

"గీ కాయితంల ఏం రాసున్నది బిడ్డా?"

ప్రతిభ నోట్లు లెక్కపెట్టుకుంటూ నవ్వింది. "ఏముంటదక్కా. గీ మనిషి సూది ఎయ్యొచ్చు, ఏమన్న అయితే గీ మనిషే జిమ్మేదార్ అని."

దేవక్కకు చదువు రాదు. మందులను ఆమె రంగులతో గుర్తుపట్టేది. చిన్న గాజు సీసాల మెడ మీద సన్నటి గీత ఉంటుంది. ఎర్ర గీత జ్వరానికి, పచ్చ గీత నొప్పికి, నీలి గీత వాంతులకు. మొదటి వారంలోనే కిషన్‌రావు నేర్పిన పాఠం అది. ఎనిమిదేళ్లు ఆ పాఠం తప్పలేదు.

పోయిన ఏడాది జ్యేష్ఠంలో జింగనూర్ నుంచి గంగక్క అనే ఆవిడ తన కూతురు కాజల్‌ను తీసుకొచ్చింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. జ్వరం, వాంతులు. అంతకు ముందురోజే కొత్త సరుకు దిగింది. కిషన్‌రావు పెట్టెలు విప్పి, సీసాలన్నీ అరలో కలగలిపి పోశాడు. గంగక్క నీళ్ల సీసా నింపుకు రావడానికి బయటికి వెళ్లింది. దేవక్క అరలో నుంచి నీలి గీత సీసా తీసి, మెడ విరిచి, పిల్ల నరంలోకి ఎక్కించింది.

కాజల్ "అవ్వా, గుండె బరువైతున్నది" అంది. తర్వాత ఇంకేమీ అనలేదు.

గంగక్క నీళ్లతో తిరిగి వచ్చేసరికి దేవక్క ఆ పిల్ల చేయి రెండు చేతులతో పట్టుకొని కూర్చుని ఉంది. కిషన్‌రావు ఖాళీ సీసా తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. అతని పెదవులు తెల్లబడ్డాయి. సీసాను చెత్తడబ్బాలో పడేసి, దేవక్క చెవి దగ్గర "నోరు ముయ్యి" అన్నాడు. ఆ సాయంత్రం చెత్త పారబోసేటప్పుడు దేవక్క ఆ సీసాను ఏరి కొంగున కట్టుకుంది. వారం తర్వాత వంతెన దాటి, అవతలి ఒడ్డున ఒక మందుల దుకాణంలో చూపించింది. దుకాణదారు పేరు చదివి ఆమె ముఖంలోకి చూశాడు. "ఇది గుండెకిచ్చేది. డాక్టరు పక్కనుండి, మెల్లగ ఇయ్యాలె. నీకేడిదమ్మా?" అన్నాడు. ఆమె సీసా మళ్లీ కొంగున కట్టుకొని దిగి వచ్చింది.

అప్పటి నుంచి ఆ సీసా జర్దా డబ్బాలో దూదిలో ఉంది. పదకొండు నెలలు. దేవక్క రోజూ పొద్దున ఆ సర్టిఫికెట్టు కింద ఊడుస్తూ ఇద్దరి పతనాన్ని మనసులో ముద్ద ముద్దగా నమిలేది. కిషన్‌రావును నడిబజారులో పోలీసులు నడిపించుకుపోతున్నట్టు. ప్రతిభ ఒంటి మీది తెల్లకోటు పదిమందిలో ఊడదీస్తున్నట్టు. తన కుడిచేయి మీద కూడా ఆమెకు పగే. ఆ చేత్తో అన్నం తినడం మానేసింది. ఇంట్లో ఎవరూ లేరు కనుక ఎడమచేత్తో తిన్నా అడిగేవాళ్లు లేరు.

వీటన్నింటికంటే ఆమెను కోసేది గంగక్క రాక. సంతకు వచ్చినప్పుడల్లా దవాఖానా వరండాలోకి వచ్చి, దేవక్క పక్కన కూర్చుని పోయేది. తునికిపండ్లో, ఇప్పపువ్వో మూట తెచ్చేది. "నా బిడ్డ చెయ్యి పట్టుకున్నదానివి నువ్వొక్కదానివే అక్కా" అనేది. దేవక్క ఆ పండ్లు ఇంటికి తీసుకుపోయి మేకకు వేసేది.

*

ఆ సంత రోజే పదకొండింటికి కిషన్‌రావు ఆమెను గదిలోకి పిలిచి తలుపు మూశాడు.

"రెండింటికి గడ్చిరోలి జిల్లా ఆఫీసు నుంచి ఎంక్వైరీకి మేడమొస్తున్నది. ఆ జింగనూర్ పిల్ల కేసు. ఆ ఊరి ఆశ వర్కర్ అంజలి లేదూ, ఆ పిల్ల తల్లితోని దరఖాస్తు పెట్టిచ్చింది."

దేవక్క తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నువ్వేం పరేషాన్ కాకు. సూది ఎవలేసిండ్రంటే ప్రతిభ సిస్టరేసిందను. రిజిస్టర్ల ఆమె సంతకమే ఉన్నది. నువ్వు ఊడ్సుకుంట చూసినవ్. గంతే."

"ప్రతిభకెరుకేనా సారూ?"

"ఎరుకైతే వస్తదా? జ్వరంతోనే పోయిందని రాసున్నది, డ్యూటీల ఉన్న అని చెప్తే చాలని ఆమెతోని అన్న. బస్సెక్కి వస్తున్నది." అతను కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "నీకు గూడ జీతం పెంచుత దేవక్కా. నమ్మకంగున్నదానివి."

దేవక్క గది బయటికి వచ్చి గోడకు ఆనుకుంది. ఇన్ని నెలలు కోరుకున్నది తనంత తానే నడిచి చేతిలోకి వచ్చింది. ఒక్క మాట చాలు, ఆ నవ్వు మొహం నేలను తాకుతుంది. నాలుగు వేలకు పేరు అమ్ముకున్న మనిషి జీవితాంతం సూది పట్టకుండా పోతుంది. ఆ ఆలోచన కాసేపు బెల్లంలా కరిగింది. అంతలో కళ్లద్దాలు తుడుచుకుంటున్న కిషన్‌రావు వేళ్లు కళ్ల ముందు ఆడాయి. ఎంత తీరిక ఆ వేళ్లలో. తను చెప్పే అబద్ధంతో మొదట కడుక్కునేది ఆ వేళ్లే. రేపు మరో కాగితం గోడకెక్కుతుంది. నోట్లోని తీపి చేదయింది.

వరండాలో గంగక్క బెంచీ కొసన కూర్చుని ఉంది. ఒళ్లో తునికిపండ్ల మూట. దేవక్కను చూసి జరిగి చోటిచ్చింది.

"అంజలి జెప్పింది, సాక్షి ఉంటే మంచిదని. నీ పేరే రాపిచ్చిన అక్కా. ఏమనుకోకు."

"నా పేరా?"

"నువ్వు గాక ఎవలున్నరు నాకు? సూదేసిందన్న ఆ సిస్టర్‌ను నేను కండ్ల జూడలే. సంతకం జేసి ఏడ దాక్కున్నదో." గంగక్క మూటలోంచి ఒక పండు తీసి ఆమె చేతిలో పెట్టింది. "తిను. పొద్దటి సంది ఏం తిన్నట్టు లేవు."

దేవక్క పండును పిడికిట్లో పట్టుకుంది. నోటి దాకా తీసుకుపోలేకపోయింది.

ఒంటిగంటన్నర బస్సుకు ప్రతిభ దిగింది. వెనక గదిలో సంచిలోంచి తెల్లకోటు తీసి ఇస్త్రీ చేయమని ఇచ్చింది. దేవక్క ఇస్త్రీపెట్టె వేడెక్కే దాకా చూసి, అడిగింది.

"ఆ పొద్దు నువ్వేడున్నవ్ బిడ్డా?"

"చంద్రపూర్‌ల. డ్యూటీల. ఎందుకిప్పుడు?"

"ఆ పిల్ల పేరన్న ఎరుకేనా?"

ప్రతిభ అద్దంలో జుట్టు సర్దుకుంటూ ఆగింది. "కిషన్‌రావు చెప్పిండు, ఏదో జ్వరమట. నేను సంతకమే పెట్టిన అక్కా. సూది నేనెయ్యలే గద."

"నేనేసిన."

"నువ్వు ఎయ్యాల్నా మరి? చదువులేనిదానివి."

"నువ్వు పెట్టాల్నా మరి? చదువుకున్నదానివి."

ప్రతిభ మెడ వరకూ ఎర్రబడింది. మా ఇంట్ల పాప బడి ఫీజు, మా ఆయన తాగుడు, నీకేమెరుక అని మొదలుపెట్టింది. దేవక్క ఇస్త్రీ చేసిన కోటు ఆమె భుజాల మీద వేసి, గుండీలు తనే పెట్టింది. ఒక్కో గుండీ నెమ్మదిగా, గట్టిగా. కోటు ఎంత తెల్లగా ఉంటే అంత మంచిదనిపించింది.

*

వచ్చిన మేడం నడివయసు మనిషి. తాను కూడా నర్సుగా మొదలైనదానినని చెప్పుకుంది. కిషన్‌రావు తెప్పించిన చాయ్ ముట్టుకోలేదు. రిజిస్టరు తెరిచి, ఆ తేదీ దగ్గర వేలు పెట్టి, మరాఠీలో అడిగింది. ఈ సంతకం నీదేనా అని.

"నాదే" అంది ప్రతిభ. "ఆ రోజు డ్యూటీల ఉన్న."

మేడం రాసుకుంది. గంగక్క గడప దగ్గర నిలబడి, మొదటిసారి ఆ మనిషిని కళ్లారా చూస్తోంది. మేడం తలెత్తి దేవక్కను పిలిచింది. ఇంజెక్షను ఇస్తుండగా చూసింది నువ్వేనా, ఇచ్చింది ఎవరు?

కిషన్‌రావు దేవక్క వైపు చూసి కొంచెం తల ఊపాడు. ఆ తల ఊపు ప్రతిభ చూసింది. అప్పుడు ఆమెకు అంతా అర్థమైంది. కుర్చీ చేతిని పట్టుకుని, "అక్కా" అంది, వినపడీ వినపడనట్టు.

దేవక్క రొంటిలో నుంచి జర్దా డబ్బా తీసింది. మూత తీసి, దూది విప్పి, మెడ విరిగిన గాజుసీసాను చాయ్ గ్లాసు పక్కన నిలబెట్టింది. నీలి గీత మేడం వైపుకు తిప్పింది.

"నేనేసిన మేడం. నాకు చదువు రాదు. నీలి గీత వాంతుల మందని ఈ కిషన్‌రావు సారే నేర్పిండు. మందు మారింది, గీత మారలే. ఈ అమ్మ ఆ పొద్దు చంద్రపూర్‌ల ఉన్నది. సంతకం ముందుగాలనే పెట్టిపోయింది. కావాలంటే ఆడి దవాఖాన హాజరు బుక్కు తెప్పియ్యుండ్రి."

"మతి పోయిందా దీనికి" అని కిషన్‌రావు లేచాడు. మేడం చేయి ఎత్తి కూర్చోమంది. చాలాసేపు సీసా మీద పేరు చదివింది. తర్వాత కాగితం మీద ఏదో రాసి, స్టాంపు ప్యాడు తెరిచి, కాగితాన్ని దేవక్క వైపు జరిపింది. ఇక్కడ వేలిముద్ర వేయి, ఇంజెక్షను నువ్వే ఇచ్చినట్టు ఒప్పుకుంటూ.

దేవక్క బొటనవేలు ప్యాడు మీదికి పోయి, ఆగింది.

"దీంట్ల ఎన్ని పేర్లున్నయ్ మేడం?"

"నీ పేరు."

దేవక్క చేయి వెనక్కి తీసుకుంది.

"నేను తప్పిచ్చుకుంటలేను. నన్ను ఏడికి తీస్కపోతే ఆడికొస్త. గని చెయ్యి నాది, సంతకం ఆమెది, మందు ఈయనది. మూడు పేర్లు రాయుండ్రి. సదివి నాకినిపియ్యుండ్రి. ఒక్కటి తక్కువున్నా నేను ముద్ర ఎయ్య."

కిషన్‌రావు ఫోను తీసి ఎవరికో చేయబోయి, నెంబరు దొరకక తడుముకుంటున్నాడు. ప్రతిభ కోటు పైగుండీ విప్పడానికి ప్రయత్నిస్తోంది, అది రావడంలేదు. మేడం కలం కాగితం మీద నిలిచిపోయింది.

గడప దగ్గర మూట జారి, తునికిపండ్లు గదంతా దొర్లాయి. గంగక్క వాటిని తొక్కుకుంటూ బల్ల దాకా వచ్చింది. సీసాను చూడలేదు, గోడ మీది సర్టిఫికెట్టునూ చూడలేదు. దేవక్క కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, వెలుతురులోకి లాగి, అరచేయి తిప్పి చూసింది.

"గీ చెయ్యేనా?" అంది.

దేవక్క చేయి వెనక్కి తీసుకోలేదు.

*

లక్ష్మక్క,
వయసు అరవై రెండు,
ఇప్పుడు ఉండేది బామ్నిలో, సిరొంచ తాలూకా.