మళ్లీ రెండు వారాలు

మాదేశ్వరన్ మేస్త్రీ కట్టిన గోడ వంకరంటే సోగత్తూరులో ఎవరూ నమ్మరు. అలాంటివాడు మొన్న వేసవిలో గోడ వంకరగా లేపాడు. ఆ వారంలోనే పెళ్లాం చిన్నతాయి పేరు మరిచిపోయాడు. ధర్మపురిలో స్కాన్ తీసి, మెదడులో వాపుందని స్టెరాయిడ్ మాత్రలిచ్చారు. నాలుగు రోజులకే లేచి తాపీ పట్టాడు. ఇంకేం, గండం గడిచిందనుకున్నారు ఇంటిల్లిపాదీ.

ఆ స్కాన్ చూసిన సేలం డాక్టరమ్మ మాత్రం అనుకోలేదు. ఇది మెదడులో పుట్టే అరుదైన క్యాన్సర్ గడ్డ, లింఫోమా కావచ్చంది. ఆ మాత్ర గడ్డను కొన్నాళ్లు కరిగించి దాచేస్తుందట. దాగిన గడ్డలో సూది దించితే పరీక్షకు ముక్క దొరకదు, జబ్బు తేలందే అసలు మందు మొదలుపెట్టలేమంది. మాత్రలు మెల్లగా మాన్పించి, రెండు వారాలు ఆగి తీసుకురమ్మంది.

అంటే మొగుడు మళ్లీ చెడేదాకా చూస్తూ కూర్చోవాలి. ఏ ఆడది కూర్చోగలదు? చిన్నతాయి ఇంట్లోకీ వాకిట్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పదో రోజుకు అతను అన్నం కోసం కంచం పక్కన నేల తడిమాడు. ఒక్క మాత్రైనా వెయ్యమని అత్త రంగమ్మాళ్ కాళ్లావేళ్లా పడితే చిన్నతాయి కసిరి పంపింది.

సూదికి రెండు రోజుల ముందు, పొద్దున్నే మొహం కడుక్కొచ్చి, "చిన్నతాయీ, కాపీ ఏదీ?" అన్నాడు మాదేశ్వరన్. ఆ పిలుపు కోసం ఎన్ని మొక్కులు మొక్కిందో! ఇప్పుడు వింటే, మాత్ర ఎలా పడిందన్న అనుమానం వచ్చింది. పోయి మాత్రల అట్ట చూసింది. సగం ఖాళీ. మొండి దూడకు మందు రాగిసంగటి ముద్దలో పెట్టి మింగించడం ఆ ఇంట్లో అలవాటే. మూడు రోజులుగా అత్త తన కొడుక్కీ అలాగే పెడుతూ వచ్చింది.

"వాడు అమ్మా అని పిలవకపోతే నేను ఎట్ల ఓర్చేది?" అంది రంగమ్మాళ్.

చిన్నతాయికి ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. సేలానికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. సూది వాయిదా పడింది. మళ్లీ మాన్పించి, మళ్లీ రెండు వారాలు ఆగాలి. అంతదాకా గడ్డ ఆగుతుందో లేదో డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయింది.

అంతా విన్నాడు మాదేశ్వరన్. మతి తప్పిన రోజుల్లో తానేం చేశాడో అడిగి, దాచకుండా చెప్పించుకున్నాడు. తర్వాత తల్లిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"బుద్ధి ఉండేటప్పుడే చెప్తా ఉండానమ్మా. నిన్ను మరిస్తే మరవనీ. నాకు బతకాలని ఉంది."

రంగమ్మాళ్ కళ్లు తుడుచుకుని, ఇంకొక్కసారి అమ్మా అనమంది. అన్నాడు. తన పేరూ ఒకసారి పిలిపించుకోవాలనిపించింది చిన్నతాయికి. అడగడానికి నోరు రాలేదు.