సీనప్పకు వినపడని చప్పుడు

ఆండర్సన్‌పేటలో బంగారు గనుల సైనైడ్ మట్టిదిబ్బకు ఎదురుగా ఉన్న సీనప్ప షెడ్డుకు పదకొండు రోజులుగా ఒక్క బండీ రాలేదు. పొద్దున్నే తలుపు తీసి, స్పానర్లను నూనెగుడ్డతో తుడిచి, మళ్లీ అదే వరసలో పెట్టేవాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పి ఒక్కడే తినేవాడు. బండ్లు ఎందుకు రావడం లేదో ఆయనకు తెలుసు.

అంతకు కొద్ది రోజుల ముందు ముళబాగిలు నుంచి నందీశ్ తన పికప్‌ను సర్వీసుకు తెచ్చి, ఇంజన్‌లో ఏదో చప్పుడు వస్తోందని చెప్పాడు. సీనప్ప ఎప్పటిలాగే పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. ఏమీ వినపడలేదు.

"ఏం లేదప్పా, బాగుండాది" అని పంపేశాడు.

మూడో రోజు టమోటా లోడుతో కోలారు పోతుంటే వాటర్ పంపు బేరింగు పట్టేసింది. బెల్టు తెగి, ఇంజన్ కాగిపోయి హెడ్డు పోయింది. వేరే బండి దొరికేసరికి టమోటాలు ఎండకు మెత్తబడిపోయాయి. అడిగిన వాళ్లందరికీ సీనప్ప ఒకటే జవాబు చెప్పాడు: "రేడియేటర్లో నీళ్లు చూసుకోకుండా తోలినాడు. నా తప్పేముండాది?" ఎవరూ నమ్మలేదు.

చెవులు మొద్దుబారడం కొత్త సంగతి కాదు. గనులు మూతపడేదాకా పదిహేనేళ్లు కంప్రెసర్ల దగ్గర పని చేశాడు. ముందు పిచ్చుకల అరుపులు పోయాయి. తర్వాత ఫోన్లో కూతురు కావేరి గొంతు పోయింది. మాలూరు నుంచి ఆమె ఫోన్ చేస్తే కాసేపు "ఆఁ, ఆఁ" అని, "సిగ్నల్ లేదమ్మా" అని పెట్టేసేవాడు. భార్య గిరిజమ్మ బతికున్నప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడేది. ఆమె పోయాక ఆయన ముఖం చూసి మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు. ఏది పోయినా ఇంజన్ చప్పుడు మాత్రం తనను వదిలిపోదని చాలాకాలం నమ్మాడు.

పన్నెండో రోజు పొద్దున కామసముద్రం నుంచి చంద్రిక వచ్చింది. ఊళ్లు తిరిగి పాల క్యాన్లు చేరవేసే పికప్ ఆమెది. భర్తకు నడుం పడిపోయాక స్టీరింగ్ తనే పట్టుకుంది.

"ఆయిల్ మార్చాల, సీనప్పా. ఇంగ ఏదో గరగరమంటా ఉండాది. అది కూడా చూడు."

పెదవులు చూసి మాట అందుకున్నాడు. పాత ఆయిల్ దించాడు, ఫిల్టర్ మార్చాడు, డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలాడు, కింద దూరి జాయింట్లకు గ్రీజు కొట్టాడు. చేతులు ఎక్కడా తడబడలేదు. ఆఖరికి ఇంజన్ స్టార్ట్ చేయించి, స్క్రూడ్రైవర్ ఆనించి చెవికి పెట్టుకున్నాడు. దూది కుక్కినట్టు నిశ్శబ్దం. పిడి అదురు మాత్రం దవడకు తగులుతోంది.

చంద్రిక ఎదురుచూస్తోంది. "ఏం లేదమ్మా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎక్కడో రోడ్డు పక్కన ఆగిపోయిన బండి, దాని పక్కన ఒంటరిగా ఈమె, క్యాన్లలో విరిగిన పాలు కళ్లముందు కదిలాయి.

"నాకు వినపడదమ్మా" అన్నాడు.

"ఏమి?"

"చెవులు పోయినాయి. నందీశ్ బండిలో చప్పుడు కూడా వినపడలే. వాని మీద అబద్ధం చెప్పినాను."

బానెట్ మూసి వెళ్లిపోతుందనుకున్నాడు. ఆమె చెయ్యి చాచి స్క్రూడ్రైవర్ తీసుకుంది.

"యాడ పెట్టాలో చూపించు."

ఆల్టర్నేటర్ చూపించాడు. ఆమె అక్కడ ఆనించి విని తల అడ్డంగా ఊపింది. వాటర్ పంపు దగ్గర పెట్టగానే కనుబొమలు ముడిపడ్డాయి. ఆయనవైపు తిరిగి నిదానంగా చెప్పింది: "రాగులు విసరతా ఉంటే తిరగల్లో గులకరాయి పడినట్ల ఉండాది."

ఇంజన్ ఆపించి, బెల్టు విప్పి, పంపు పుల్లీని చేత్తో తిప్పాడు. వేళ్లకు గరుకు తగిలింది. ఊపితే ఆడింది. నందీశ్ బండిని ముంచిన రోగమే ఇది. చంద్రిక బజారుకు వెళ్లి కొత్త పంపు తెచ్చింది. మధ్యాహ్నానికి బిగించాడు. ఆమె మళ్లీ చెవి పెట్టి వింది.

"ఇప్పుడు నున్నగా ఉండాది. ఈసారి వచ్చినప్పుడు కూడా వినే పని నాది, విప్పే పని నీది" అని బండెక్కి వెళ్లిపోయింది.

షెడ్డు మళ్లీ ఖాళీ అయింది. సీనప్ప చేతులు కడుక్కుని, తలుపు వేసి, ముళబాగిలు బస్సెక్కాడు.

బస్టాండు పక్కన పికప్‌లు ఆగేచోట నందీశ్ కనిపించాడు. సీనప్పను చూసి ముఖం తిప్పుకున్నాడు. సీనప్ప చుట్టూ తిరిగి వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"నందీశా, నువ్వు నీళ్లు చూసుకునే తోలినావు. నాకే చప్పుడు వినపడలే. ఆ మాట చెప్పుకోలేక నీ మీద నెట్టినాను. తప్పు నాది."

పక్కనున్న డ్రైవర్లు మాటలాపి చూశారు.

"ఈ మాట ఆ పొద్దే చెప్పుంటే ఇంగో మెకానిక్ దగ్గరికి పోయుందును కదప్పా" అన్నాడు నందీశ్. "నా బండి ఇంగ నీ షెడ్డుకు రాదు."

నందీశ్ పెదవుల మీద చదివిన మాటల్లో ఒక్కటీ పొల్లుపోలేదు. "సరేప్పా" అన్నాడు సీనప్ప. వెనక్కి తిరిగి నడుస్తుంటే ఎవరూ ఆగమనలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీ. కండక్టర్ వచ్చి ఏదో అడిగాడు. ఇదివరకైతే ఊరికే తలాడించి చిల్లర చేతిలో పెట్టేవాడు. ఈసారి తలెత్తి, అందరికీ వినపడేలా అన్నాడు:

"నాకు చెవులు వినపడవప్పా. నా ముఖం చూసి ఇంగోసారి చెప్పు."

కండక్టర్ వంగి, ఎదురుగా, మెల్లగా అడిగాడు: "యాడ దిగాల?"

"ఆండర్సన్‌పేట" అన్నాడు సీనప్ప.